షీల్డుల బల్ల పక్కన నుంచి

సినిమా అవార్డుల సభను జనం ముందు నుంచి చూస్తారు. నేను ఎప్పుడూ పక్క నుంచే చూశాను. వేదికకు ఎడమవైపు, సైడ్ కర్టెన్ చాటున, తెల్లగుడ్డ పరిచిన పొడవాటి బల్ల ఒకటి ఉంటుంది. షీల్డులు, శాలువాలు, బొకేలు, సన్మానపత్రాలు పిలిచే వరుసలోనే దానిమీద పేర్చి ఉంటాయి. ఆ వరుస తప్పితే సభ తప్పుతుంది. ఎవరిని ముందు పిలవాలి, ఎవరి చేత ఇప్పించాలి, ఎవరు అలిగి కారెక్కారు, ఎవరిని బతిమాలి దింపారు, ఈ కబుర్లన్నీ మైకు దాకా పోకముందే ఆ బల్ల దగ్గరికి వస్తాయి.

మాది ఖమ్మంలో షీల్డులు, మెమెంటోల దుకాణం. ఇల్లు ఖానాపురం హవేలిలో. 2012లో ఖమ్మం కార్పొరేషన్ అయినప్పుడు మా ఊరు అందులో కలిసింది గానీ, నేను చెప్పబోయే నాటికి ఇంకా పంచాయతీయే. ఇటు చెరువు, అటు గ్రానైట్ కోత మిల్లులు. క్వారీల నుంచి లారీల మీద వచ్చిన బండలను పగలూ రాత్రీ కోస్తుండేవాళ్లు. నీళ్లతో కలిసిన రాతిపొడి బురద తెల్లగా ఎండి, గాలి వీస్తే గుమ్మాల మీద, ఆరేసిన బట్టల మీద పడేది. పలకలు కోయగా మిగిలిన అంచుముక్కలు మాకు పనికొచ్చేవి. నల్లరాయి ముక్క తెచ్చి, చదరంగా కోయించి, పాలిష్ పట్టించి, దాన్ని పీటగా పెట్టి మీద ఇత్తడి బొమ్మ నిలబెట్టేవాళ్లం. పీట ముఖాన పేరు చెక్కిన రేకు. కళాకారుడికి ఇచ్చేది చేతిలోకి తీసుకోగానే బరువు తెలియాలని మా నాన్న పట్టుదల. ఆయన యవ్వనంలో పద్యనాటకాలకు హార్మోనియం మోసినవాడు. తెర వెనక మనిషికి తెర ముందు ఒక్క నిమిషం దొరకడం ఎంత కష్టమో ఆయనకు తెలుసు. ఆ బరువు మీద పట్టుదల అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం.

ఖమ్మం నాటకాల ఊరు. ప్రజానాట్యమండలి పాటలు విని పెరిగిన ఊరు. వందేమాతరం శ్రీనివాస్ ఈ జిల్లా మనిషే, బాబూమోహన్ ఈ జిల్లా మనిషే. నేలకొండపల్లి కంచర్ల గోపన్న పేరుమీద భక్త రామదాసు కళాక్షేత్రం ఉంది. చిన్న సభలన్నీ అందులో జరిగిపోయేవి. సినిమావాళ్లు వస్తున్నారంటే మాత్రం హాలు సరిపోదు, మైదానం కావాలి. అలా ఒక సాంస్కృతిక సంస్థ వాళ్లు 2007 వేసవిలో మా ఖానాపురం హవేలి వైపు ఖాళీ జాగాలో సినిమా అవార్డుల రాత్రి తలపెట్టారు. సంస్థ పేరు, వచ్చిన నటుల పేర్లు రాయను. ఆ రాత్రి పడిన పాట్లలో ఎవరి పాలు ఎంతో తూచడం నా పని కాదు.

2007 అనగానే తెలుగు సినిమా అభిమానులకు ముందు గుర్తొచ్చేది వేరే సభ. ఆ ఏడాది జనవరిలో హైదరాబాదులో వజ్రోత్సవాలు జరిగాయి. హెచ్.ఎం. రెడ్డి తీసిన మన మొదటి పూర్తి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931లో వచ్చిందన్న లెక్కతో డెబ్భై అయిదేళ్ల పండగ. (ఆ సినిమా విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని రెంటాల జయదేవ తర్వాత ఆధారాలతో చూపించారు. అప్పటికి అందరి నోటా 1931 మాటే ఉండేది.) పరిశ్రమ మొత్తం ఒక్క చోట చేరిన సందర్భం. అక్కడ చిరంజీవికి లెజెండ్ అని, మోహన్‌బాబుకు సెలబ్రిటీ అని గౌరవాలు నిర్ణయించారు. ఈ తేడా దేన్నిబట్టి అని మోహన్‌బాబు వేదిక మీదే అడిగారు. చిరంజీవి తన పురస్కారాన్ని అక్కడి టైమ్ క్యాప్సూల్‌లో పెట్టేశారు. అర్హుడినని అందరూ ఒప్పుకున్న రోజున తీసుకుంటానన్న భావంతో మాట్లాడారు. టీవీల్లో ఆ దృశ్యం రోజుల తరబడి తిరిగింది. ఖమ్మంలో టీకొట్ల దగ్గర అభిమాన సంఘాలవాళ్లు రెండు బల్లలకు చీలి కూర్చునేవాళ్లు.

నాకు ఆ గొడవలో ఎవరిది న్యాయమన్న చర్చ మీద ఆసక్తి లేదు. ఇద్దరూ మద్రాసు రోజుల నుంచి కష్టపడి పైకొచ్చినవాళ్లు, ఇద్దరికీ ఆ బాధ నిజమైనదే. నన్ను పట్టి కుదిపింది వేరే విషయం. రెండు రకాల గౌరవాలు పెట్టి, ఒకటి పైమెట్టు ఒకటి కిందిమెట్టు అని జనానికి తెలిసేలా పేర్లు పెట్టి, ఇద్దరు సమకాలికులను ఒకే వేదిక ఎక్కించాలన్న ఆలోచన ఎవరో ఒక గదిలో కూర్చుని చేసి ఉంటారు. అప్పుడు ఆ గదిలో ఒక్కరైనా "ఇది తగువు తెస్తుంది" అని ఉండాల్సింది. అవార్డుల సభల్లో గొడవలన్నీ వేదిక మీద బయటపడతాయి గానీ, పుట్టేది జాబితా రాసే కాగితం మీదే. 2024 అక్టోబరులో ఏఎన్నార్ జాతీయ పురస్కారం అందుకుంటూ చిరంజీవి ఆనాటి సంగతి మళ్లీ తలచుకున్నారు. పదిహేడేళ్లు దాటినా ఆ కాగితం మనసులోంచి పోలేదన్నమాట.

మా ఊరి సభ నిర్వాహకులకు వజ్రోత్సవం కళ్లముందే ఉంది. అందుకే మొదటి రోజు దుకాణానికి వచ్చినప్పుడే సంస్థ కార్యదర్శి, "అన్నా, పెద్ద హీరోలు ఇద్దరొస్తున్నరు. ఇద్దరి షీల్డులూ ఒక్క తీరుగ ఉండాలె. అంగుళం తేడా వచ్చినా మా పని అయిపోద్ది" అన్నాడు. సరేనన్నాం. రెండు రోజులకు ఒక నటుడి మేనేజరు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. తమవారికి ఇచ్చేది 'జీవన సాఫల్య' అయితే వయసైపోయినట్టు ఉంటుంది, ఆ మాట తీసేయాలన్నాడు. తీసేసి 'విశిష్ట నట' అని చెక్కాం. ఆ కబురు రెండో నటుడి మనుషులకు ఎలా చేరిందో చేరింది. అవతలివారు విశిష్టమైతే మావారు సామాన్యమా అని వాళ్ల ఫోన్. చివరికి ఇద్దరి రేకుల మీదా బిరుదు లేకుండా పేరూ ఊరూ తేదీ మాత్రమే మిగిలాయి. మా నాన్న ఆ రెండు రేకులూ చూసి, "ఇప్పుడు బాగున్నయ్. మనిషి పేరుకన్న పెద్ద బిరుదు ఏముంటది" అన్నాడు.

షీల్డు కుదిరింది, ఫ్లెక్సీ మిగిలింది. గేటు దగ్గర కట్టే పెద్ద ఫ్లెక్సీలో ఎవరి ఫోటో ఎడమవైపు, ఎవరిది కుడివైపు? ఎడమ నుంచి చదువుతాం కాబట్టి ఎడమవారు మొదటివారన్నది ఒక వర్గం. కుడి చేయి శుభం కాబట్టి కుడివారే పెద్దన్నది ఇంకో వర్గం. ఫ్లెక్సీ కొట్టే కుర్రాడు విసిగి, రెండు గేట్లు పెట్టి రెండు ఫ్లెక్సీలు కట్టండి, ఒక్కో దాంట్లో ఒక్కొక్కరిని ఎడమవైపు వేస్తానన్నాడు. నిజంగానే అలా చేశారు. అభిమానులు ఎవరి గేటులోంచి వాళ్లు లోపలికి వచ్చారు. ఆ రెండో గేటు కోసం తీసిన కంచె తర్వాత ఏం చేసిందో చెబుతాను.

సభ రోజు ఎండ సంగతి ఖమ్మం వాళ్లకు చెప్పనక్కర్లేదు. మే నెలలో ఇక్కడ రాళ్లు రాత్రి దాకా సెగ కక్కుతాయి. షీల్డులు సాయంత్రం నాలుగింటికి తెస్తే చాలని చెప్పినా, కార్యకర్తలు మధ్యాహ్నమే వ్యానులో తెచ్చి అట్టపెట్టెలను ఆరుబయట దించి భోజనాలకు వెళ్లారు. నల్లరాయి ఎండను తాగుతుంది. నేను వెళ్లేసరికి పీటలు చేయి పెట్టలేనంత కాలుతున్నాయి, రేకుల వెనక జిగురు మెత్తబడి కొన్ని జారిపోయాయి. ఊడిన రేకులను ఎవరో మంచి మనసుతో ఏరి, తోచిన పీట మీద తోచిన రేకు అంటించి పెట్టారు. ఉత్తమ గాయని పీట మీద ఫైట్ మాస్టర్ పేరు, ఆయన పీట మీద ఒక దాత పేరు. జాబితా చేతపట్టుకుని నేనూ మా తమ్ముడూ సభ మొదలయ్యేదాకా రేకులు విప్పుతూ అంటిస్తూనే ఉన్నాం. తడిగుడ్డలు కప్పి రాళ్లను చల్లబరిచి అంటిస్తే గానీ నిలవలేదు.

ఇలాంటిది పల్లెల్లోనే జరుగుతుందని అనుకోకండి. 2017 ఫిబ్రవరిలో ఆస్కార్ వేదిక మీద ఉత్తమ చిత్రంగా 'లా లా ల్యాండ్' పేరు చదివేశారు. ఆ బృందం వేదికెక్కి కృతజ్ఞతలు చెబుతుండగా, గెలిచింది 'మూన్‌లైట్' అని తేలింది. వేదికకు రెండువైపులా ఒకే రకం కవర్ల కట్టలు రెండు ఉంచడం వాళ్ల పద్ధతి. అప్పటికే చదివేసిన ఉత్తమ నటి అవార్డుకు రెండోవైపు మిగిలిన కవరు చేతికిచ్చేశారు. అది చదివినప్పుడు నాకు తెరచాటున కవర్లు పట్టుకుని నిలబడ్డవాళ్లే కళ్లకు కట్టారు. లోకంలో ఎక్కడైనా ఆ బల్ల దగ్గర నిలబడటం ఒకే రకం భయం.

సాయంత్రం ఏడింటికి సభ అని కార్డులో వేశారు. కరెంటు ఆరున్నరకే పోయింది. జనరేటరు పెట్టారు, దాని చప్పుడుకు ప్రార్థనాగీతం పాడే అమ్మాయి శ్రుతి తప్పింది. మిల్లుల వాళ్లను ముందే అడిగి ఆ రాత్రికి కోత ఆపించారు కాబట్టి సరిపోయింది, లేకపోతే మైకు ఎవరికీ వినపడేది కాదు. ముందు వరుసలో సోఫాలు. ప్రతి సోఫా వీపుకు పేరు రాసిన చీటీ. ఆ చీటీలు ఎన్నిసార్లు మారాయో చెప్పలేను. ఒక దాత వచ్చి తన చీటీ రెండో వరుసలో చూసి, తన డబ్బు వెనక్కి ఇమ్మన్నాడు. ఇంకొకాయన తన చీటీని తనే తీసి హీరో పక్కన అంటించుకున్నాడు. రాజకీయ నాయకుల సంగతి వేరు. వాళ్లు చీటీ చూడరు, కూర్చుంటారు.

మా జిల్లాల్లో అవార్డు ఇచ్చేవాళ్ల వరుస అవార్డు తీసుకునేవాళ్ల వరుస కంటే పొడుగు. ఒక షీల్డుకు దాత, శాలువాకు ఇంకో దాత, బొకేకు మూడో మనిషి, పక్కన నిలబడి ఫోటో దిగడానికి నాలుగోవాడు. హీరోకు ఎవరి చేత ఇప్పించాలన్నది కర్టెన్ వెనక ఆ రాత్రి జరిగిన పెద్ద యుద్ధం. ఇద్దరు దాతలు షీల్డుకు చెరోవైపు పట్టుకున్నారు, నా చేతుల్లో ఉండగానే. "రాయి అండీ, పడితే కాలు పోతది" అని నేను గట్టిగా అన్నాక వదిలారు.

ఇక హీరోలు. మొదటివారు సూర్యాపేట దాటారన్న కబురు వచ్చింది. రెండోవారు ఖమ్మం హోటల్లో దిగే ఉన్నారు. ఆయన ముందు వస్తే ఎదురుచూడాలి, వెనక వస్తే చప్పట్లు ఎక్కువ. అందుకని హోటల్లోనే కూర్చున్నారు. ఈలోగా సూర్యాపేట దాటినవారి కారు వైరా రోడ్డు మీద ఒక అభిమాని ఇంటి దగ్గర ఆగింది, అదే కారణంతో. వేదిక మీద పిల్లల డాన్సు మళ్లీ మళ్లీ వేయించారు. యాంకరమ్మ గొంతు బొంగురుపోయింది. ఈ ఎదురుచూపుల్లో గంటన్నర గడిచింది. జనం అలాగే కూర్చున్నారు, వాళ్ల ఓర్పుకు దండం పెట్టాలి.

గ్రీన్‌రూమ్ అని టార్పాలిన్లతో కట్టిన చోట ఆ గంటన్నరా నేను ఒక మనిషితో గడిపాను. ఆయన మేకప్‌మన్. ఇల్లెందు వైపు పల్లె. కుర్రతనంలో నాటక సమాజాలకు ముఖాలు వేసేవాడు. జింకు పొడి, అర్దళం నూరి రంగు కలిపిన రోజుల్లో పని నేర్చి మద్రాసు వెళ్లాడు. సినిమాలు హైదరాబాదుకు తరలినప్పుడు తనూ వచ్చాడు. మీసం అతికించే స్పిరిట్ గమ్ చెమటకు ఎప్పుడు వదిలేస్తుందో ముఖం చూసి చెప్పగలడు. ఆ రాత్రి డాన్సు పిల్లల్లో ఒకడికి రాముడి వేషం చెమటకు కారిపోతే, ఎవరూ అడగకుండానే సంచీలోంచి స్పాంజీ తీసి సరిదిద్దాడు. "ముఖం మీద నీళ్లు కొట్టుకోకు బిడ్డా, అద్దుకో" అని వాడికి నేర్పించాడు. జాబితాలో ఆయన పేరు ఆఖరిది. ఆయన వెంట ఊరివాళ్లు ట్రాలీ ఆటోల్లో వచ్చారు, మనవరాళ్లు కొత్త బట్టలు కట్టుకున్నారు.

మొదటి హీరో వచ్చాడు. మైదానం లేచి నిలబడింది. కాసేపటికే రెండో గేటు నుంచి రెండో హీరో. ఇద్దరూ వేదిక మీద ఆలింగనం చేసుకున్నారు. అది నటన అని నేను అనను. కర్టెన్ వెనక్కి వచ్చాక కూడా ఇద్దరూ పాత సంగతులు చెప్పుకుని మనసారా నవ్వుకోవడం చూశాను. కొట్టుకున్నది మేనేజర్లు, అభిమానులు. ఇద్దరికీ షీల్డులు ఒకేసారి ఇచ్చారు, ఇద్దరి పేర్లూ ఇద్దరు యాంకర్లు ఒకే క్షణంలో చదివారు. ఎవరి పేరు ముందన్న ప్రశ్న రాకుండా కార్యదర్శి చేసిన ఏర్పాటు అది. దానివల్ల ఎవరి పేరూ ఎవరికీ వినపడలేదు. వెనక తెర మీద వాళ్ల సినిమాల ముక్కలు వేయాలి, వీడియో కుర్రాడు ఒకరి వంతులో ఇంకొకరి పాట వేశాడు. ఒకవైపు నుంచి ఈలలు, ఇంకోవైపు నుంచి కేకలు. ముందుకు తోసుకువచ్చారు. రెండో గేటు కోసం కంచె తీసిన చోట కట్టిన వెదుర్లు విరిగాయి, ఆ సందులోంచి జనం వేదిక దాకా వచ్చేశారు. పోలీసులు ఇద్దరు హీరోలనూ చెరో కారులో ఎక్కించి పంపేశారు. వాళ్లతోపాటే మైదానంలో సగానికి పైగా ఖాళీ.

బల్ల మీద నా ముందు ఇంకా షీల్డులు ఉన్నాయి. లైట్‌మన్, ఫైట్ మాస్టర్, డబ్బింగ్ కళాకారిణి, కాస్ట్యూమర్, మేకప్‌మన్. కార్యదర్శి పరుగున వచ్చి, "అన్నా, టైము లేదు. ఇవి ఇక్కడే ఇచ్చేద్దాం, ఫోటో తీసుకుందాం" అన్నాడు. అతన్ని నేను తప్పుపట్టను. పర్మిషన్ పదకొండింటి వరకే, ఇన్‌స్పెక్టర్ గడియారం చూపిస్తున్నాడు. ఫైట్ మాస్టర్ షీల్డు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు, ఆయనకు మర్నాడు పొద్దున షూటింగు ఉందట. డబ్బింగ్ కళాకారిణి తీసుకుంది, ఏమీ అనలేదు, కానీ కళ్లనిండా నీళ్లు. ఎందరో నాయికలకు గొంతు ఇచ్చిన మనిషి, ఆ రాత్రి మైకు ముందు ఒక్క మాట పలికే వీలు లేకపోయింది.

మేకప్‌మన్ తీసుకోలేదు.

"నాకు శాలువా వద్దు. రాయి వద్దు. మైకుల నా పేరు చదువుండ్రి, చాలు. మా ఊరోళ్లు వచ్చిండ్రు" అన్నాడు. కార్యదర్శి చేతులు జోడించాడు. ఆయన కదల్లేదు. గొంతు పెంచాడు. "ముప్పై ఏండ్లు పెద్దపెద్దోళ్ల ముఖాలు వీళ్లకు చూపించిన. నా ముఖం ఒక్కసారి నేను చూపించుకుంట." ఆ మాటకు నాకు ఒళ్లు జలదరించింది. అప్పటికే షామియానా వాళ్లు కుర్చీలు మడిచి లారీలోకి ఎక్కిస్తున్నారు. మా నాన్న, సభల్లో ఎప్పుడూ నోరు విప్పని మనిషి, నేరుగా ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లి అయిదు నిమిషాలు అడిగాడు. ఆయన మైకు వైపు చేయి చూపించాడు. యాంకరమ్మ వెళ్లిపోయింది. సన్మానపత్రం నేనే చదివాను. డబ్బింగ్ కళాకారిణినీ, లైట్‌మన్‌నూ, కాస్ట్యూమర్‌నూ మళ్లీ వేదిక మీదికి పిలిచాం. ఇల్లెందు వైపు పల్లెవాళ్లు, కుర్చీలు మోస్తున్న కుర్రాళ్లు, ఇద్దరు కానిస్టేబుళ్లు, అంతే ప్రేక్షకులు. చప్పట్లు కొట్టారు. మేకప్‌మన్ మైకు పట్టుకుని తనకు పని నేర్పిన గురువు పేరు చెప్పాడు, తన ఊరి పేరు చెప్పాడు, దిగిపోయాడు.

ఆ రాత్రి తర్వాత ఏ అవార్డుల సభ వార్త చదివినా నా కళ్లు జాబితా చివరికి వెళతాయి. 2018 మే 3న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో జాతీయ సినిమా పురస్కారాల సభ జరిగింది. 'బాహుబలి 2', 'ఘాజీ' గెలిచిన ఏడాది. రాష్ట్రపతి 11 మందికి మాత్రమే స్వయంగా ఇస్తారు, మిగిలినవారికి మంత్రి చేతుల మీదుగా అని చివరి క్షణంలో చెప్పారు. యాభైమందికి పైగా విజేతలు సభకే వెళ్లలేదు. కొందరు పెద్దలు దాన్ని అహంకారమన్నారు. నాకు మా మేకప్‌మన్ గుర్తొచ్చాడు. దేశం మొత్తంలో ఆ ఏడాది తమ పనిలో మొదటివారని తేల్చి పిలిచి, తీరా వచ్చాక మీరు రెండో రకం అంటే ఎవరికైనా కడుపు మండుతుంది. 2022లో ఆస్కార్ వాళ్లు ఎడిటింగ్, సౌండ్ వంటి ఎనిమిది అవార్డులను ప్రత్యక్ష ప్రసారానికి ముందే ఇచ్చేసి, తర్వాత ముక్కలుగా కలిపి చూపించారు. విమర్శలు వచ్చాయి, మరుసటి ఏడాది అన్నింటినీ తిరిగి ప్రసారంలోకి తెచ్చారు. మన కీరవాణి, చంద్రబోస్ అందుకున్న సభ అదే. 

నందుల సంగతి అంటే నాకు ఇంకా బాధ. 1964లో మొదలైన అవార్డు. లేపాక్షి బసవన్న రూపం. తొలి ఏడాది ఉత్తమ చిత్రం 'డాక్టర్ చక్రవర్తి'. బంగారు నంది, వెండి నంది, కాంస్య నంది అని పిల్లలం కూడా లెక్కపెట్టుకునేవాళ్లం. రాష్ట్రం విడిపోయాక 2017 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014, 2015, 2016 మూడేళ్లకూ కలిపి ప్రకటించింది. వెంటనే పక్షపాతమన్న విమర్శలు లేచాయి. మా పక్క ఓరుగల్లు రాణి కథ 'రుద్రమదేవి' తీసిన గుణశేఖర్ బహిరంగ లేఖ రాశారు. నటులు, నిర్మాతలు, దర్శకులు టీవీల్లో వాదించుకున్నారు. ఆ నందుల సభ జరగనేలేదు. ఆ మూడేళ్ల జాబితాల్లో ఎడిటర్లు, కళాదర్శకులు, శబ్దగ్రాహకులు, మేకప్ కళాకారులు ఉన్నారు. వాళ్లు ఏ తగువులోనూ లేరు. వాళ్ల ఇళ్లలో నంది నిలబడాల్సిన చోటు ఖాళీగానే ఉండిపోయింది. పెద్దల పోట్లాటలో వాళ్ల వంతు మాయమైపోయినందుకు ఎవరూ లేఖ రాయలేదు.

తెలంగాణలో ఆ లోటు గద్దర్ పేరిట తీరింది. 'ఒరేయ్ రిక్షా' సినిమా పాటకు వచ్చిన నందిని వద్దన్న మనిషి పేరుమీద ప్రభుత్వం అవార్డులు పెట్టింది. 2025 జూన్ 14న హైదరాబాదు హైటెక్స్‌లో సభ. 2014 జూన్ నుంచి 2023 దాకా ఆగిపోయిన ఏళ్లకు ఉత్తమ చిత్రాలను, 2024కు అన్ని విభాగాలనూ ప్రకటించారు. 2024 జ్యూరీకి జయసుధ నాయకత్వం వహించారు. 'కల్కి 2898 ఏడీ' ఆ ఏడాదికి మొదటి ఉత్తమ చిత్రం. మా ఇంట్లో ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని నేను చూసింది తారలను కాదు, పక్కన బొమ్మలు అందించే చేతులను. డప్పు పట్టుకుని ఊరూరా తిరిగినవాడి పేరుమీద ఇచ్చే అవార్డులో కూలివాడి వంతు ముందు రావాలని నా కోరిక. ఆ ప్రభుత్వ సభలకు నా మాట చేరేది కాదు. మా జిల్లా సభల్లో మాత్రం చేరింది.

ఆ 2007 సభ తర్వాత షీల్డుల ఆర్డరుకు ఎవరొచ్చినా మా నాన్న ఒక షరతు పెట్టేవాడు. తెర వెనక మనుషుల షీల్డులు ముందు ఇస్తామంటేనే ధర తగ్గిస్తాం. మొదట నవ్వారు. కానీ నిర్వాహకులకు అది పనికొచ్చింది. తారలు ఎలాగూ ఆలస్యంగానే వస్తారు, ఆ గంటన్నర పిల్లల డాన్సు మళ్లీ మళ్లీ వేయించే బదులు లైట్‌మన్లనూ మేకప్ వాళ్లనూ పిలవొచ్చు. మైదానం నిండుగా ఉంటుంది, కరెంటు ఉన్నా లేకపోయినా జనం ఉంటారు. దుకాణం నా చేతికి వచ్చాక నేనూ అదే పద్ధతి పట్టుకున్నాను. మెల్లగా అలవాటైంది.

అలవాటైన రెండో ఏడాదే కర్టెన్ వెనక కొత్త తగువు. కెమెరా వాళ్లు తమ తర్వాతే మేకప్ అన్నారు. కెమెరా ముందుకు రావాలంటే ముందు ముఖం వేయాలి కదా అని మేకప్ వాళ్లు. లైటు వేయకపోతే ముఖమూ లేదు కెమెరా లేదు అని లైట్‌మన్. వాళ్లు పోట్లాడుకుంటుంటే నాకు కోపం రాలేదు. తమ పని గొప్పదని వాదించుకునే హక్కు అప్పటిదాకా వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. జాబితా తీసుకుని అందరి పేర్లనూ అకారాది క్రమంలో రాశాను. ఒకాయన ఇంటిపేరుతోనా, అసలు పేరుతోనా అని అడిగాడు. ఇంటిపేరుతో అని చెప్పాను. అప్పటినుంచి మా బల్ల మీద షీల్డులు ఆ వరుసలోనే ఉంటున్నాయి.